చిక్కుడు పందిరి మీద ఆ నల్లపురుగు ఎవరి బిడ్డ?

పెరటి ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒక్క పురుగు గురించే ఉన్నాయి. సార్వా కోతలు అయిపోయి, పందిళ్ళ మీద చిక్కుడు విరగకాస్తూ, చేలల్లో మినుము పూతకొచ్చే రోజులివి. మంచు పడే పొద్దుల్లో లేత కొమ్మలకి పేనుబంక, అంటే గుంపుగా పట్టి రసం పీల్చే బుల్లి పురుగులు, పడుతుంది. దాని వెనకాలే చుక్కల అక్షింతల పురుగు వస్తుంది. అందుకని తక్కిన ప్రశ్నలు వచ్చే నెలకి దాచి, ఈ నెల దీని గురించే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు కోనసీమ బడుల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఈ పురుగంటే నాకు చాలా ఇష్టం. అది జవాబుల్లో తెలిసిపోతుంది, తెలియనివ్వండి.

ప్రశ్న: టీచరమ్మ గారూ, మాది కొత్తపేట దగ్గర పల్లెటూరండి. పెరట్లో చిక్కుడు పాదు పందిరెక్కి బాగా కాస్తోంది. పది రోజుల నుంచి లేత కొసలకీ, పూతకీ నల్లగా బంక పట్టింది. ఎర్ర పురుగులు, బొట్టుబిళ్ళల్లా ముద్దుగా ఉన్నాయి, అవి వాలుతున్నాయి. వాటితో పాటు నల్లటి, ముళ్ళముళ్ళగా, నారింజ మచ్చలున్న పురుగులు ఆకుల మీద పరిగెడుతున్నాయి. చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది. మా అబ్బాయి మందుల షాపుకెళ్ళి చెబితే, ఆకు తినేసే పురుగంటూ ఒక సీసా ఇచ్చాడట. కొట్టమంటారా?
– ఒక గృహిణి, కొత్తపేట మండలం

జవాబు: ఆ సీసా మూత తీయకండమ్మా. ఆ నల్లపురుగు మీ చిక్కుడాకు ఒక్కటి కూడా కొరకదు. మీరు బొట్టుబిళ్ళలా ఉందన్న ఎర్ర పురుగు కన్నబిడ్డే అది.

నమ్మకం కుదరదని తెలుసు. తల్లికీ బిడ్డకీ ఎక్కడా పోలిక ఉండదు. అందుకే నేను కళ్ళారా చూసింది చెబుతాను. కిందటి ధనుర్మాసంలో మా పెరట్లో ఒక చిక్కుడాకు వెనక గుడ్లు కనిపిస్తే, ఆ ఆకు తుంచి గాజుసీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, వంటింటి కిటికీలో పెట్టుకున్నాను. లెక్కపెడితే పంతొమ్మిది గుడ్లు. ఒక్కోటీ బియ్యపు నూకకంటే చిన్నది. పసుపుపచ్చగా, రెండు కొనలూ సన్నగా, పక్కపక్కనే నిలువుగా అతికించి ఉన్నాయి. పసుపు కలిపిన అక్షింతల్ని ఒక్కొక్కటే నిలబెట్టి పేర్చినట్టుంది. పెద్ద పురుగు వీపు కంటే ఈ గుడ్లను చూసినప్పుడే నాకు ఆ పేరు బాగా అతికిందనిపిస్తుంది.

మూడో రోజుకి గుడ్లు బూడిదరంగుకి తిరిగాయి. నాలుగో రోజు తెల్లవారి చూస్తే నల్లటి చీమతలల్లా పిల్లలు. పుట్టిన చోటే గుంపుగా కూర్చుని తమ గుడ్డు పెంకులు తిన్నాయి. పిల్లలు కాకుండా మిగిలిపోయిన రెండు గుడ్లనీ తినేశాయి. చదువుతుంటే మీకు బాధగా ఉంటుందేమో గానీ, మొదటి పేనుబంక దొరికేదాకా నడవడానికి వాటికి ఆ తిండే ఆధారం. ఒకే సీసాలో ఎక్కువుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి మూడింటిని ఉంచుకుని తక్కినవాటిని పందిరి మీద వదిలేశాను.

రోజూ పొద్దున్నే బంక పట్టిన చిక్కుడు కొస ఒకటి తుంచి సీసాలో వేయడమే పని. పిల్లపురుగు మూడుసార్లు కుబుసం విడిచింది. విడిచినప్పుడల్లా ఇంకాస్త పెద్దదైంది. ఆరేడు రోజులకి మీరు రాసిన రూపమే వచ్చింది. ముందు లావుగా, వెనక సన్నగా, మొసలిపిల్ల లాగా. ఒళ్ళంతా చిన్న మొటిమలు, వాటి మీద వెంట్రుకలు, అక్కడక్కడా నారింజ మచ్చలు. ఆరు కాళ్ళు. ఆ ముళ్ళు గుచ్చుకోవు, ఏం చేయవు. చివరి రోజుల్లో నేను పొద్దున్న వేసిన కొస సాయంత్రానికి ఖాళీ అయిపోయేది. ఒక పిల్లపురుగు తన చిన్నతనం గడిచేలోపు వందల పేనుబంకల్ని తింటుంది. పెద్ద పురుగు రోజుకి యాభై దాకా తింటుంది.

పదమూడో రోజు మొదటిది తిండి మానేసింది. తోక చివర సీసా గోడకి అతికించుకుని వంగి కూర్చుంది. చర్మం వెనక్కి ముడుచుకుపోయి, లోపలి నుంచి నారింజరంగు గుండ్రటి ముద్ద బయటపడింది. దాన్నే ప్యూపా అంటాం. ఆకు మీద ఇలాంటిది కనిపిస్తే తెగులు మచ్చ అనుకుని గిల్లేయకండి. చీపురుపుల్లతో ఒకసారి తాకి చూడండి. చచ్చినట్టున్న ఆ ముద్ద ఉలిక్కిపడి ముందుభాగం పైకెత్తి కొడుతుంది. దాని మీద వాలబోయే చిన్న శత్రువుల్ని అది అలాగే అదిరిస్తుంది.

పదిహేడో రోజు పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ చూస్తే, సీసాలో లేత పసుపు పురుగు. మెత్తగా ఉంది. ఒక్క చుక్క లేదు. పక్కన ఖాళీ గూడు. ఆ రోజంతా పని మధ్యలో వచ్చి వచ్చి చూశాను. రెక్కల పెంకు గట్టిపడుతూ, పసుపు నారింజకి తిరుగుతూ, దాని మీద నల్లటి వంకర గీతలు నీళ్ళలో సిరా కలిసినట్టు తేలి వచ్చాయి. సాయంత్రం గుడ్డ విప్పితే మూతి అంచు దాకా నడిచి, పెంకులు రెండూ పక్కలకి ఎత్తి, లోపలి పలచటి రెక్కలు చాపి కొబ్బరిచెట్ల వైపు ఎగిరిపోయింది.

నా వల్ల జరిగిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. ఉద్యోగం కొత్తలో నేను పనిచేసిన బడిలో చిక్కుడు, అలసంద వేయించాం. అప్పటికి పుస్తకంలో పెద్ద పురుగు బొమ్మే చూశాను, పిల్లపురుగుని చూడలేదు. నల్లపురుగులు పడ్డాయని పిల్లల చేత ఏరించి, కిరసనాయిలు డబ్బాలో వేయించాను. వంద దాకా చంపి ఉంటాం. రెండు వారాలు తిరిగేసరికి పాదంతా బంక, దాని జిగురు కారిన చోటల్లా నల్లటి మసి, పూత రాలిపోయింది. కారణం నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ డబ్బా ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. అందుకే మిమ్మల్ని ఇంతగా బతిమాలుతున్నాను.

ఇక మీ పాదు సంగతి. బంక మరీ ముద్దగా పట్టిన కొసలు నాలుగైదు ఉంటే, వాటి మీద పిల్లపురుగులు లేకుండా చూసుకుని, తుంచి దూరంగా పూడ్చండి. తక్కినవాటికి మగ్గుతో గట్టిగా నీళ్ళు కొట్టండి. రాలిపోయిన పేనుబంక చాలావరకు మళ్ళీ పైకి ఎక్కలేదు. పందిరి గుంజల వెంట చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయా చూడండి. పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుని కరిచి తరిమేస్తాయి. గుంజ చుట్టూ పాతగుడ్డ కట్టి దానికి ఆముదం దట్టంగా రాస్తే చీమల దారి మూసుకుపోతుంది. వేపనూనె కూడా ఇప్పుడు వద్దు. అది పిల్లపురుగుల ఎదుగుదలని కూడా దెబ్బతీస్తుంది. ఒక్క పది రోజులు ఆగండి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఏడో తరగతి. అక్షింతల పురుగు వీపు మీద ఎన్ని చుక్కలుంటే అన్నేళ్ళ వయసని మా ఫ్రెండ్ అన్నాడు. నిజమా? నాకు ఏడు చుక్కలది దొరికింది.
– ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: కాదు బాబూ. చుక్కలు పుట్టిన రోజు ఎన్నో చివరి రోజూ అన్నే. నీకు దొరికింది ఏడు చుక్కల జాతి, అది ఎప్పటికీ ఏడు చుక్కలతోనే ఉంటుంది. మన వేడికి ఈ పురుగులు పెద్దవయ్యాక నెలో రెండు నెలలో బతుకుతాయి. ఏడేళ్ళ మాట లేదు.

చుక్కలు లెక్కపెట్టడం మాత్రం మానకు. జాతిని గుర్తుపట్టడానికి అదే మొదటి మెట్టు. నీ ఏడు చుక్కలది కొంచెం పెద్దది, దాదాపు కందిపప్పు బద్దంత ఉంటుంది. ఒక్కో పెంకు మీద మూడు చుక్కలు, రెండు పెంకులూ కలిసే చోట మెడ దగ్గర ఉమ్మడిగా ఒకటి. మన పెరళ్ళలో అంతకంటే ఎక్కువగా దొరికేది ఇంకాస్త చిన్నది, పసుపు నారింజ మీద నల్లటి వంకర గీతలున్నది. నేను సీసాలో పెంచింది అదే. మూడోది ఎర్రటి పెంకు మీద అడ్డంగా మందమైన నల్లపట్టీలున్నది. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 6,000 జాతులున్నాయి. కొన్నింటికి చుక్కలే లేవు, కొన్ని నల్లగా ఉంటాయి.

భూతద్దం ఉంటే ఇంకొకటి చూడు. నువ్వు తల అనుకునే నలుపు తెలుపు భాగం నిజానికి మెడ పైన కవచం. అసలు తల దాని కింద చిన్నగా ఉంటుంది. మీసాలు పొట్టిగా, కొస లావుగా ఉంటాయి. వీపు మీది పెంకులు ఒకప్పటి ముందు రెక్కలే, గట్టిపడి మూతలయ్యాయి. ఎగరడానికి వాడేవి లోపల మడతపెట్టి దాచుకున్న వెనక రెక్కలు. చూశాక వదిలేయి, సీసాలో రాత్రంతా ఉంచకు.

ప్రశ్న: అమ్మా, ఆలమూరు దగ్గర లంకలో అరెకరం వంగ వేశాను. మీరు ఇంతకుముందు ఒక సంచికలో అక్షింతల పురుగు రైతు నేస్తమని రాశారు. అదే పురుగు నా వంగాకుల్ని జల్లెడ చేసేసింది. ఒక్కో ఆకు మీద ఐదారు. మీ మాట నమ్మి మందు కొట్టకుండా ఆగాను. ఇప్పుడేం చేయాలి?
– ఒక రైతు, ఆలమూరు మండలం

జవాబు: తమ్ముడూ, ఆ సంచికలో నేను ఒక వైపే రాశాను, రెండో వైపు రాయలేదు. మీ నష్టంలో నా పాలు ఉంది. మన్నించండి.

మీ చేలో ఉన్నది ఈ కుటుంబంలోనే పుట్టి, మాంసం మాని ఆకు తినే జాతి. దాన్నీ మనవాళ్ళు అక్షింతల పురుగనే అంటారు, చిక్కంతా అక్కడే వచ్చింది. శాస్త్రవేత్తలు దాన్ని హెనోసెపిలాక్నా అంటారు. ముఖ్యమైనది ఇరవై ఎనిమిది చుక్కలది, ఒక్కో పెంకు మీద పద్నాలుగు. వంగ, బంగాళాదుంప, టమాటా, కాకర, ఇలా అన్నిటి మీదా పడుతుంది.

తేడా ఇలా పట్టుకోండి. మేలు చేసే పురుగు వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఆకు తినేది మసకగా, ఇటుకపొడి రంగులో ఉంటుంది. ఎండకి అడ్డంపెట్టి చూస్తే వీపు మీద సన్నటి నూగు కనిపిస్తుంది. పిల్లపురుగుల దగ్గరైతే పొరపాటు పడే అవకాశమే లేదు. మేలు చేసేది నల్లగా లేదా బూడిదరంగులో ఉండి పరిగెడుతుంది. మీ చేలోది పసుపుపచ్చగా, ఒళ్ళంతా కొమ్మలు చీలిన ముళ్ళతో, నెమ్మదిగా, ఆకు అడుగున అతుక్కుని ఉంటుంది. ఆకు అడుగు పొరని ఈనెల మధ్య గీకి గీకి తింటుంది, పై పొర పలచటి కాగితంలా మిగిలి తర్వాత చిల్లు పడుతుంది. మీరు జల్లెడ అన్న మాట సరిగ్గా సరిపోయింది. గుడ్లు మాత్రం రెండిటివీ పసుపే, రెండూ నిలువుగానే ఉంటాయి. కాకపోతే దీనివి కాస్త ఎడం ఎడంగా పెట్టి ఉంటాయి. ఆ ఆకు మీద పేనుబంక లేకుండా గీకుళ్ళు మాత్రమే ఉంటే అనుమానం అక్కర్లేదు.

అరెకరమే కాబట్టి చేతితో ఏరడమే అన్నిటికంటే మేలు. మంచు ఆరకముందు, పొద్దున్నే వెళ్ళండి. ఆ చల్లదనానికి అవి చప్పున ఎగరలేవు. బకెట్లో సబ్బునీళ్ళు పట్టుకుని, ఆకుని దాని మీదకి వంచి తట్టండి. చాలా పురుగులు కాళ్ళు ముడుచుకుని తమంతట తామే రాలిపడతాయి. గుడ్లున్న ఆకులు తుంచి కాల్చేయండి. రెండు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు చేస్తే తరం తెగుతుంది. మిగిలినవాటికి 5 శాతం వేపగింజల కషాయం, ఆకు అడుగు తడిసేలా, సాయంత్రం పూట. గట్ల మీద కామంచి మొక్కలుంటే పీకేయండి, చేలో వంగ లేని రోజుల్లో ఇవి తలదాచుకునేది అక్కడే.

ఏరేటప్పుడు ఒక్క జాగ్రత్త. పసుపుగా ఉండాల్సిన ముళ్ళ పిల్లపురుగులు కొన్ని గోధుమరంగుకో నలుపుకో తిరిగి, ఉబ్బి, బిగుసుకుపోయి ఆకుకి అంటుకుని ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు. వాటి కడుపులో పీడియోబియస్ అనే బుల్లి కందిరీగ పిల్లలు పెరుగుతున్నాయి. ఒక్కో చచ్చిన పురుగులోంచి అలాంటి కందిరీగలు చాలా బయటికొచ్చి, మీ చేలో మిగిలిన పురుగుల్ని వెతుక్కుంటాయి. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే ఏ మందూ కొట్టకండి.

ప్రశ్న: ఆరుద్ర పురుగు, అక్షింతల పురుగు రెండూ ఒకటేనా? మా ఇంట్లో అత్తగారికీ నాకూ వాదన.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రెండూ వేరమ్మా. ఆరుద్ర పురుగు తొలకరి పడ్డాక, ఆరుద్ర కార్తె చుట్టుపక్కల తడినేల మీద కనిపిస్తుంది. ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలా మెత్తగా ఉంటుంది, రెక్కల్లేవు, ఎగరదు. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. అంటే అది సాలీడు బంధువు, నల్లి జాతిది. అక్షింతల పురుగుకి ఆరే కాళ్ళు, గట్టి పెంకు, రెక్కలు. మీ ఇద్దరిలో ఎవరిది ఒప్పో మీరు రాయలేదు, నాకు తెలియకపోవడమే మంచిది.

ప్రశ్న: టీచరమ్మ గారూ, మాది అత్తిలి వైపండి. కిందటి సార్వాలో స్వర్ణ రకం వరి ఊడ్చాను. ఈనిక మీద ఉన్నప్పుడు వెన్నుల మీద నారింజరంగు పురుగులు గుంపులుగా పట్టాయి, చుక్కల్లేవు. పువ్వు కొరుకుతున్నట్టు కనబడింది. తాలు పోతుందని భయపడి మందు కొట్టాను. ఆ తర్వాత పదిహేను రోజులకి సుడిదోమ వచ్చి మూడు చోట్ల సుడులు సుడులుగా ఎండిపోయింది. రెండిటికీ సంబంధం ఉందా?
– ఒక కౌలు రైతు

జవాబు: ఉందండి. మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధగా కూర్చున్నాను.

వెన్నుల మీద మీరు చూసింది మైక్రాస్పిస్ అనే వరి అక్షింతల పురుగు. నిగనిగలాడే నారింజరంగు, చుక్కలు లేని వీపు. వరిచేలల్లో బాగా ఎక్కువగా కనిపించే జాతి. అది పువ్వు దగ్గర పుప్పొడి తింటుంది, మీరు చూసింది నిజమే. అయినా తాలు దాని వల్ల రాదు. వరిపువ్వు పొద్దెక్కాక కాసేపే విచ్చుకుంటుంది. విచ్చుకునేటప్పుడే పుప్పొడి తిత్తులు పగిలి, పుప్పొడి ఆ పువ్వులోనే రాలి గింజ కట్టే పని అయిపోతుంది. తర్వాత బయట వేలాడే తిత్తుల్లో మిగిలిందే పురుగుకి దక్కేది.

పుప్పొడి దానికి చిరుతిండి. అసలు తిండి దుబ్బుల్లో రసం పీల్చే సుడిదోమ, పచ్చదోమ పిల్లలు, గుడ్లు, ఆకుల మీద చిన్న పురుగులు. దానికి తోడు సాలీళ్ళు, గుడ్లని పీల్చే ఆకుపచ్చ మిరిడ్ నల్లులు. ఈ దండంతా మీ చేలో జీతం లేని కాపలా. మీరు కొట్టిన మందుకి ముందు చచ్చింది వీళ్ళు. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీళ్ళకి జానెడు పైన ఉంటుంది కదా, పైనుంచి కొట్టిన మందు అక్కడిదాకా సరిగ్గా దిగదు. పైగా దాని గుడ్లు ఆకు తొడుగు లోపల దాగి ఉంటాయి. వారం పది రోజుల్లో అవి పిల్లలై బయటికొచ్చేసరికి తినేవాళ్ళు లేరు. కొన్ని రకాల మందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిథ్రాయిడ్లు, కొట్టాక సుడిదోమ మునుపటికంటే పెరగడం చాలా దేశాల్లో చూశారు. ఇండోనేషియాలో ఈ దెబ్బకి వరి పోతుంటే 1986లో ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది.

మీ స్వర్ణ మన మార్టేరు పరిశోధన స్థానం బిడ్డే, ఎంటీయూ 7029. మంచి దిగుబడి రకం, కానీ సుడిదోమని తట్టుకునే గుణం దానికి లేదు. కాబట్టి వచ్చే సార్వాలో ఊడ్చేటప్పుడే తూర్పు పడమరలుగా ప్రతి రెండు మీటర్లకి ఒక కాలిబాట, ఇరవై సెంటీమీటర్లు, వదలండి. గాలి వెలుతురు దుబ్బు మొదలుకి తగిలితే సుడిదోమకి ఇష్టం ఉండదు. యూరియా ఒక్కసారే కుమ్మరించకుండా విడతలుగా వేయండి. ఈనిక మీద పురుగు కనిపిస్తే వెన్ను చూసి నిర్ణయించకండి. వంగి దుబ్బు మొదలు తట్టి, నీళ్ళ మీద ఏం రాలిందో చూడండి. సుడిదోమ ఎన్ని ఉన్నాయో, తినే పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే మందు సంగతి.

కౌలు చేస్తున్నారు, ఎకరానికి ఏం పోయిందో నాకు ఊహ ఉంది. భయంతో కొట్టారు. మీరు అడిగారు కాబట్టి ఇంకో పదిమందికి తెలిసింది, అందుకు నా నమస్కారం.

ప్రశ్న: మేడమ్, కడియం దగ్గర నర్సరీలో పనిచేస్తాను. మందారాలకి పిండినల్లి పట్టింది. ఆ తెల్లటి ముద్దల మధ్య పెద్ద పెద్ద పిండినల్లులు, దూది కుచ్చుల్లా, గబగబా నడుస్తున్నాయి. పిండినల్లి అంత వేగంగా నడుస్తుందా?
– ఒక నర్సరీ కార్మికురాలు

జవాబు: నడవదు తల్లీ! నీ కన్ను బాగా పనిచేసింది. పిండినల్లి కదిలితే కదిలినట్టే తెలియదు. దూది కుచ్చు వేసుకుని గబగబా నడిచేది దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల. ఒంటి మీద మైనం పోగులు పెంచుకుని పిండినల్లి వేషంలో తిరుగుతుంది. క్రిప్టోలీమస్ అనే జాతి పిల్లలు అలా ఉంటాయి, స్కిమ్నస్ అనే బుల్లి జాతి పిల్లలూ అలాగే ఉంటాయి. నాలుగైదు రోజులు అదే కొమ్మని గమనించు. మూడు నాలుగు మిల్లీమీటర్ల నల్లటి పురుగు, తల, మెడ, తోక కొస మాత్రం ఇటుకరంగులో కనిపిస్తే అది క్రిప్టోలీమస్. చుక్కల్లేని అక్షింతల పురుగన్నమాట.

ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. కాఫీ తోటల్లో పొలుసు పురుగుల కోసమని 1898లో మన దేశానికి తెచ్చారు. అప్పుడు ఆ పనికి అంతగా అక్కరకు రాలేదు గానీ, ఇక్కడే స్థిరపడి పిండినల్లి పాలిట యముడైంది. దానికి పదేళ్ళ ముందు, 1888లో, ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన ఆస్ట్రేలియా నుంచే రోడోలియా అనే ఎర్రటి అక్షింతల పురుగుల్ని కాలిఫోర్నియాకి పంపాడు. అక్కడి నారింజ, నిమ్మ తోటలు దూది లాంటి పొలుసు పురుగుతో ఎండిపోతున్నాయి, రైతులు చెట్లు నరికేసుకుంటున్నారు. ఆ కొద్దిపాటి పురుగుల సంతానమే ఏడాది రెండేళ్ళలో తోటల్ని నిలబెట్టింది. పురుగుతో పురుగుని అదుపు చేయడమనే విద్యకి ఈనాటికీ మొదట చెప్పే కథ అదే.

నీ యజమానికి చెప్పి, ఆ మందారాల వరుస ఒక్కటి మందు కొట్టకుండా వదిలించు. ఆ కుండీలని అమ్మకానికి పంపకుండా ఓ నెల ఉంచుకుంటే, అక్కడి అక్షింతల పురుగులు పక్క వరుసలకీ పాకుతాయి.

ప్రశ్న: మా మనవరాలు అక్షింతల పురుగుని పట్టుకుంటే అరచేతికి పసుపు రంగు ద్రవం అంటింది, చెడ్డ వాసన. విషమా?
– ఒక తాతగారు, నర్సాపురం

జవాబు: భయం లేదండి, నీళ్ళతో కడిగితే చాలు. అది దాని రక్తమే. ఎవరైనా పట్టుకుంటే కాళ్ళ కీళ్ళలోంచి ఒక చుక్క వదులుతుంది. చేదు, కంపు. ఒకసారి నోట పెట్టిన పిట్ట రెండోసారి ఆ ఎర్రరంగు చూస్తే వదిలేస్తుంది. అందుకే అంత రంగు వేసుకుని పట్టపగలు ధైర్యంగా తిరుగుతుంది. పాప నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, పట్టుకుని చూడటం మాత్రం మాన్పించకండి.

ప్రశ్న: మా ఇంట్లో మెంతి మడి దగ్గర ఒక అక్షింతల పురుగు దూది ఉండలాంటి గూడుని కావలించుకుని మూడు రోజులుగా కదలడం లేదు. గుడ్లు పొదుగుతోందా? ఫోటో పంపుతున్నాను.
– ఒక కాలేజీ విద్యార్థిని, భీమవరం

జవాబు: ఫోటో చాలా స్పష్టంగా ఉందమ్మా. ఈ పురుగులు గుడ్లు పొదగవు. ఆ గూడు దానిది కూడా కాదు. డైనోకాంపస్ అనే చిన్న కందిరీగ ముందు ఈ పురుగు ఒంట్లోకి ఒక గుడ్డు దించింది. పిల్ల లోపలే పెరిగి, బయటికొచ్చి, పురుగు కాళ్ళ మధ్య దూది గూడు అల్లుకుంది. పురుగు చావలేదు, కాళ్ళు పట్టు తప్పి గూడు మీదే చిక్కుకుపోయింది. ఎవరైనా దగ్గరికొస్తే వణుకుతుంది. ఆ వణుకూ ఆ ఎర్రరంగూ కలిసి కందిరీగ గూడుకే కాపలా అయ్యాయి. సుమారు వారానికి కందిరీగ ఎగిరిపోతుంది. తర్వాత కొన్ని పురుగులు తేరుకుని మళ్ళీ తిండి తింటాయి కూడా. మీది ఏమవుతుందో రోజూ చూసి నాకు రాయండి, వేరు చేసే ప్రయత్నం మాత్రం చేయవద్దు. అంతా సహజంగా జరిగే పనే. ఈ పురుగుని అంత ప్రేమించే నాకు కూడా దాని జోలికి వెళ్ళే హక్కు లేదనుకుంటాను.

ప్రశ్న: ఎండాకాలంలో, కాలువలకి నీళ్ళు కట్టేశాక, ఈ పురుగులు ఎక్కడికి పోతాయి? మా పొలంలో ఉండిపోవాలంటే ఏం చేయాలి?
– ఒక యువరైతు, రాజోలు

జవాబు: చలిదేశాల్లో ఇవి వందలూ వేలూ ఒకచోట చేరి చలికాలమంతా నిద్రపోతాయి. మన దగ్గర అంత చలి లేదు, వాటికి ఆ అవసరమూ లేదు. తిండి ఉన్న చోటికి జరుగుతూ తరం తర్వాత తరం నడిపించుకుంటాయి. చేను ఎండితే గట్టు, గట్టు ఎండితే కాలువ ఒడ్డు, కొబ్బరి తోట నీడ. ఏప్రిల్‌లో ఒకసారి పుంత పక్కనున్న జిల్లేడు దగ్గర ఆగి చూడండి. లేత కొసల మీద నిమ్మపండు రంగు పేనుబంక ఉంటుంది, అక్కడ వంకర గీతల పురుగు తిరుగుతూ కనిపిస్తుంది. కొబ్బరిమట్టల అడుగున పొలుసు పురుగు పట్టిన చోట వెతికితే ఖైలోకోరస్ అనే నల్లటి, గుండ్రటి జాతి దొరుకుతుంది. మిరియపు గింజని సగానికి కోసి బోర్లించినట్టుంటుంది.

ఉండిపోవాలంటే గట్లన్నీ గీకి, గడ్డిమందు కొట్టి బోడిగా ఉంచకండి. అలసంద గింజలు గట్టు మీద జానెడు ఎడంలో గుచ్చండి, వాటి మీద పేనుబంక ముందు పడుతుంది. పడనివ్వండి. అక్కడ గుడ్లు పెట్టిన పురుగు పిల్లలే రేపు మీ మినుములోకి దిగేది. ఇంటి వాడకానికి వేసిన ధనియాల మడిలో ఒక వరుస కోయకుండా పువ్వుకి వదిలేయండి. పేనుబంక దొరకని రోజుల్లో పెద్ద పురుగులు ఆ పుప్పొడి, తేనె తిని ప్రాణం నిలుపుకుంటాయి. మినుములో బంక కనిపించిన మొదటి రోజు పది మొక్కలు వంచి చూసి, పిల్లపురుగులు, గుడ్లు ఎన్నున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగో రోజు అవే మొక్కల దగ్గర మళ్ళీ లెక్కపెట్టి, రెండు లెక్కలూ ఈ శీర్షికకి పంపండి.